ఆటగాడి జీతం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వైపు మెట్రోలో పోతుంటే చైతన్యపురి తరవాత వచ్చే స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. కలకత్తాలోని పాలరాతి మేడలాంటిదేదో ఉంటుందనుకుని దిగినవాళ్ళు నిరాశపడతారు. ఇక్కడున్నది అనాథ పిల్లల హాస్టలూ, బడీ. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో విక్టోరియా రాణి జ్ఞాపకార్థం పెట్టింది. దాని మైదానంలో తెల్లవారుజామున రెండు రకాల మనుషులు కనిపిస్తారు. షుగరు కోసం నడిచే నాలాంటివాళ్ళు, కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరిగెత్తే పిల్లలు.

ఈ పిల్లలంతా నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు పల్లెల నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చేరి, ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని హాస్టళ్ళలో ఉంటారు. మగపిల్లలు 1600 మీటర్లు పరిగెత్తాలి, ఆడపిల్లలు 800. ఆపైన లాంగ్ జంప్, షాట్‌పుట్. వీటిని వాళ్ళు ఆటలనరు, ‘ఈవెంట్స్’ అంటారు. అదే గుండు విసరడం, అదే ఇసకలో దూకడం. స్కూల్లో చేస్తే ఆట, ఇక్కడ చేస్తే ఈవెంటు.

ఒకరోజు చెమటలు కక్కుతూ నా పక్కన బెంచీ మీద కూలబడ్డ కుర్రాడొకడు మాటల్లో అడిగాడు. “సార్, నాకు కబడ్డీ సర్టిఫికెట్ ఉన్నది. జిల్లాకాడికి ఆడిన. గది పనికొస్తదా, స్పోర్ట్స్ కోటాల?”

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకి 2 శాతం కోటా ఉంది నిజమే, కానీ జిల్లా స్థాయి చాలదు. చాలదని చెప్పాను. “మరి గన్ని దినాలు ఎందుకాడిన సార్?” అన్నాడు నవ్వుతూనే. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక, ఈ ప్రశ్నని ఇంకెవరెవరు ఏయే రూపాల్లో అడిగి ఉంటారా అని ఆలోచిస్తే నాకు ముందుగా గుర్తొచ్చినవాడు, చిత్రంగా, ఒక ఇంగ్లీషు వడ్రంగి.

పేరు జేసన్ లెనర్డ్. 1968లో పుట్టాడు. తూర్పు లండన్‌లోని బార్కింగ్ ఊరు. ఏ నగరానికైనా తూర్పు పక్కన కష్టజీవులే ఉంటారేమో, మా ఎల్బీనగర్ కూడా హైదరాబాదుకి తూర్పే. చేసేది చెక్కపని, ఆడేది రగ్బీ. మనవాళ్ళలో ఆ ఆట చూసినవాళ్ళు తక్కువ కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. జట్టుకి పదిహేనుమంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తవచ్చు గానీ ముందుకు విసరకూడదు, వెనక్కే అందించాలి. బంతి ఉన్నవాణ్ణి మీదపడి పడగొట్టవచ్చు. కబడ్డీలో రెయిడర్‌ని పట్టుకున్నట్టే, కాకపోతే ఇక్కడ పరుగు మీద ఉన్నవాణ్ణి. చిన్న తప్పులు జరిగినప్పుడు రెండువైపుల నుంచీ ఎనిమిదేసి మంది వంగి, తలలు ఇరికించుకుని, పొట్టేళ్ళలా ఒకరినొకరు తోసుకుంటారు. దాన్ని స్క్రమ్ అంటారు. ఆ ముందు వరసలో రెండు చివర్లా ఉండేవాళ్ళని ప్రాప్ అంటారు. అంటే ఇంటికి వేసే ఊతకర్ర. ఎనిమిదిమంది బరువు వాడి మెడ మీదా భుజాల మీదా ఉంటుంది. పాయింట్లు చేసేది వేరేవాళ్ళు, పత్రికల్లో ఫొటో వచ్చేది వేరేవాళ్ళది. లెనర్డ్ అలాంటి ప్రాప్.

1990 జులైలో బ్యూనస్ ఐరిస్‌లో అర్జెంటీనా మీద తొలిసారి ఇంగ్లండుకి ఆడాడు. వయసు 21. 2004లో మానేసేనాటికి దేశం తరఫున 114 మ్యాచ్‌లు. అప్పటికి ప్రపంచంలో ఎవరూ అన్ని ఆడలేదు. కానీ నాకు ఆసక్తి ఆ అంకె మీద కాదు. ఆ పద్నాలుగేళ్ళలో మొదటి ఐదేళ్ళు ఆయనకి ఆడినందుకు జీతం లేదు. లేకపోవడం కాదు, ఉండకూడదు. తీసుకుంటే నేరం.

ఆ నేరం కథ వందేళ్ళ పాతది. ఇంగ్లండు ఉత్తరాది ఊళ్ళలో గని పనివాళ్ళూ, మిల్లు పనివాళ్ళూ రగ్బీ ఆడేవాళ్ళు. శనివారం పని మానుకుని మ్యాచ్‌కి వస్తే ఆ పూట కూలి పోతుంది. ఆ పోయిన కూలి మాత్రం క్లబ్బు ఇచ్చుకోవచ్చా అని ఉత్తరాదివాళ్ళు అడిగారు. వీల్లేదన్నారు లండన్ పెద్దలు. డబ్బు ముట్టుకుంటే ఆట మైలపడుతుందని వాళ్ళ వాదన. బడిలో లాటిన్ చదువుకుని, తండ్రి ఆస్తి మీదనో వకీలు ఫీజు మీదనో బతికేవాడికి శనివారం మధ్యాహ్నం ఖాళీయే. బొగ్గుగనిలోకి దిగేవాడికి కాదు. ‘అమెచ్యూర్’ అనే మాటకి మూలంలో అర్థం ప్రేమతో చేసేవాడు. ఈ లెక్కన ప్రేమించడానికి కూడా ఆస్తి ఉండాలన్నమాట. చివరికి 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో కూర్చుని ఉత్తరాది క్లబ్బులు విడిపోయాయి. వాళ్ళది తరవాత రగ్బీ లీగ్ అయింది, పదమూడుమంది ఆడేది. మిగిలినవాళ్ళది రగ్బీ యూనియన్. యూనియన్ నుంచి లీగ్‌కి పోయినవాడికి మళ్ళీ యూనియన్ గడప తొక్కే హక్కు లేదు. ఇది వెలి. మనకి కొత్త మాట కాదు.

ఆ వెలి ఎంత దూరం పోయిందో సాహిత్య పత్రిక చదివేవాళ్ళకి ఒక ఉదాహరణ చెప్పాలి. బిల్ బోమాంట్ అని ఇంగ్లండు కెప్టెన్. 1982లో గాయం వల్ల ఆట మానేసి ఆత్మకథ రాశాడు. పుస్తకానికి డబ్బు తీసుకున్నాడు కాబట్టి వృత్తి ఆటగాడైపోయాడని తేల్చి ఆయన్ని ఆటకి సంబంధించిన పనులన్నిటి నుంచీ దూరం పెట్టారు. రాయల్టీ వల్ల కులం చెడిన రచయిత నాకు తెలిసి ఇంకెవరూ లేరు. (అదే బోమాంట్ 2016లో ప్రపంచ రగ్బీ సంస్థకి అధ్యక్షుడయ్యాడు. కాలం అలాంటిది.)

డబ్బంటే ఇంత అంటరానితనం పాటించిన ఈ ఆటలో అన్నిటికన్నా పాత బహుమానాల్లో ఒకటి ఎలా తయారైందో తెలుసా? మన రూపాయలు కరిగించి. 1870లలో కలకత్తాలోని తెల్లవాళ్ళు రగ్బీ క్లబ్బు పెట్టుకున్నారు. ఎండలూ, పోలో ముందు నిలవక అది నాలుగేళ్ళలోనే మూతపడింది. బ్యాంకులో మిగిలిన డబ్బుని వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి, మూడు నాగుపాముల పిడులూ, మూత మీద ఏనుగూ ఉండేలా ఒక కప్పు చేయించి లండన్‌కి పంపారు. 1879 నుంచి నేటిదాకా ఇంగ్లండు, స్కాట్లండు పోటీపడేది ఆ కలకత్తా కప్పు కోసమే. ఆటగాడి జేబులోకి రాకూడని రూపాయి కప్పులోకి మాత్రం వచ్చింది.

మరి జీతం లేకపోతే ఆటగాళ్ళు ఎలా బతికారు? ఇక్కడే నా విక్టోరియా మైదానం పిల్లలు మళ్ళీ గుర్తొస్తారు. 1991లో ఇంగ్లండు ఐదు దేశాల పోటీలో అన్ని మ్యాచ్‌లూ గెలిచింది. ఆ జట్టు స్క్రమ్‌లో ఎనిమిదిమంది ఉంటే ముగ్గురు పోలీసులు. వేడ్ డూలీ బ్లాక్‌పూల్‌లో కానిస్టేబులు. డీన్ రిచర్డ్స్ లెస్టర్ వైపు కానిస్టేబులు. పాల్ అక్‌ఫర్డ్ లండన్ పోలీసుల్లో ఇన్‌స్పెక్టరు. వాళ్ళ పక్కన హుకర్ బ్రయన్ మూర్ న్యాయవాది. అంచున పరిగెత్తే రోరీ అండర్‌వుడ్ వైమానిక దళంలో పైలట్. ప్రాప్ లెనర్డ్ వడ్రంగి. ఊరి పెళ్ళికి వచ్చిన జనంలా ఉంది కదూ జాబితా! కానీ ప్రతి పేరు వెనకా ఒకటే లెక్క ఉంది. మ్యాచ్‌కి సెలవిచ్చే దొర ఎవరు?

ఆ సెలవు దొరికినా మర్యాద దొరుకుతుందని లేదు. 1993లో డూలీ న్యూజిలాండ్ పర్యటనలో ఉండగా తండ్రి చనిపోయాడు. అంత్యక్రియలకి ఇంటికెళ్ళాడు. ఆతిథ్యమిచ్చే న్యూజిలాండ్‌వాళ్ళే తిరిగి రమ్మని పిలిస్తే, వస్తే అతిథిగా రావచ్చు గానీ ఆడటానికి వీల్లేదని బ్రిటిష్ కమిటీ చెప్పింది. నిబంధన ప్రకారం ఆయన స్థానంలో ఇంకొకరు వచ్చేశారు మరి. 55 మ్యాచ్‌లు దేశానికి ఆడిన మనిషి ఆ మాటతోనే అంతర్జాతీయ ఆట నుంచి తప్పుకున్నాడు. జీతం ఇవ్వనివాడికి నీ మీద హక్కు ఉండదనుకుంటాం. ఉంటుంది.

ఇప్పుడు మెట్రోని వెనక్కి తిప్పుదాం. విక్టోరియా మెమోరియల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, మలక్‌పేట దాటి ఇంకాస్త ముందుకు పోతే మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ ప్రాంతం. ఆ ప్రాంతపు హైస్కూల్లో ఒకప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీం అనే పంతులుగారు పాఠాలు చెప్పేవారు. కాచిగూడ బళ్ళో కూడా చెప్పారు. ఆయన మీద ‘మైదాన్’ అని హిందీ సినిమా వచ్చాక చాలామందికి తెలిసింది. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకి ఆయన కోచ్. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. డ్యూరాండ్ కప్పు 1950, 1954, 1957లో. రాష్ట్రం మారాక, ఆంధ్రప్రదేశ్ పోలీస్ అనే పేరుతో, 1961లో నాలుగోసారి. కలకత్తా క్లబ్బులని ఓడించి మరీ.

ఆ జట్టు పేరుని మనం అలవాటుగా పలికేస్తాం. ఒక్కసారి ఆగి చూడండి, అది పోలీసు జట్టు. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది. రెండేళ్ళలో అదే నగరపు పోలీసులు దేశంలోకెల్లా గొప్ప ఫుట్‌బాల్ జట్టయ్యారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికారుద్దీన్ వంటివాళ్ళు ఆ జట్టు నుంచే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళారు. అక్కడ భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. జట్టుకి కోచ్ రహీం సాబే. వీళ్ళని ఫుట్‌బాల్ ఆడినందుకు జీతం తీసుకున్నవాళ్ళనాలా? చట్టప్రకారం కాదు. జీతం కానిస్టేబులుగా ఉన్నందుకు. కానీ కానిస్టేబుల్ అయింది ఫుట్‌బాల్ ఆడినందుకు. ఇంగ్లండులో పోలీసు ఉద్యోగం ఆటకి పక్కన నిలబడింది. మన దగ్గర ఆటే ఉద్యోగానికి తలుపు. ఒలింపిక్స్‌వాళ్ళు అడిగితే అమెచ్యూర్, ఇంట్లో అమ్మ అడిగితే సర్కారు నౌకరీ. ఈ రెండు మాటలూ ఒకే మనిషి మీద ఇమిడిపోవడం మన నగరం కనిపెట్టిన ఏర్పాటు, నన్నడిగితే లండన్ పెద్దల ఏర్పాటు కన్నా చాలా నిజాయితీ గలది.

లోపం లేదా? ఉంది. దొర ఒక్కడే కావడం. ఆ శాఖలో ఆటంటే ఇష్టపడే అధికారి ఉన్నన్నాళ్ళూ జట్టు ఉంటుంది. 1963 జూన్ 11న రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. అంతకు తొమ్మిది నెలల ముందే, ఆ జబ్బుతోనే, జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం గెలిపించి వచ్చారు. అలాంటి పంతులు మళ్ళీ దొరకలేదు. ఈలోపు మంచి ఆటగాళ్ళని కలకత్తా పిలుచుకుపోయింది.

అలా వెళ్ళినవాళ్ళలో పెద్ద పేరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడలో బీద తమిళ కుటుంబం. చిన్నప్పుడు బూట్లు కొనే స్తోమతు లేక, పారేసిన పాత పోలీసు బూట్లని చెప్పులు కుట్టేవాడికిచ్చి ఆట బూట్లుగా కుట్టించుకున్నాడని చెప్తారు. ఈ కథ విన్నప్పుడల్లా నాకు వేడ్ డూలీ గుర్తొస్తాడు. ఒకడు పోలీసు బూట్లు విప్పి ఆట బూట్లు వేసుకున్నాడు, ఇంకొకడు పోలీసు బూట్లనే కోయించుకున్నాడు. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు, 1961లో దానికి కెప్టెన్. మధ్యలో 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్ కొట్టాడు. కలకత్తాలోనూ పేరుకి అందరూ అమెచ్యూర్లే. రైల్వేలు, కస్టమ్స్, పోర్టు ట్రస్టు కొలువులిచ్చి ఆడించుకునేవి. బలరాం కూడా చివరికి బీఎన్ఆర్ రైల్వే జట్టులో తేలాడు. 1963లో ఊపిరితిత్తుల జబ్బు వచ్చి 27 ఏళ్ళకే ఆట ఆగిపోయింది. తరవాత అరవై ఏళ్ళు బతికాడు, బెంగాల్లో, ఉత్తరపాడాలో. 2023 ఫిబ్రవరి 16న పోయాడు. ఆరేడేళ్ళ ఆట, అరవై ఏళ్ళ బతుకు. ఆ అరవై ఏళ్ళ పొయ్యి వెలిగించింది గోల్స్ కాదు, ఉద్యోగం.

ఈ లెక్క దగ్గరే లెనర్డ్ మెడ కథ చెప్పాలి. 1992లో మ్యాచ్ ఆడుతుంటే కుడిచెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పడం మొదలైంది. మెడలో డిస్క్ చితికిపోయింది. తుంటి నుంచి ఎముక ముక్క కోసి మెడలో అతికారు. ఆ ఏడాది చలికాలానికే తిరిగొచ్చి మళ్ళీ అదే మెడని స్క్రమ్‌లో పెట్టాడు. చదివేటప్పుడు దీన్ని వీరగాథలా చదువుతాం. నేను వడ్రంగి వైపు నుంచి చదువుతాను. అప్పటికి రగ్బీ ఆయనకి పైసా ఇవ్వలేదు. ఆ చెయ్యి తిరిగి పనిచెయ్యకపోతే పోయేది ఆట ఒక్కటే కాదు, రంపం పట్టే చెయ్యి. ప్రేక్షకుల టికెట్ డబ్బులు ఎవరికో వెళ్తున్నాయి. మెడ మాత్రం ఈయనది. 1995 మేలో కెప్టెన్ విల్ కార్లింగ్ టీవీలో కమిటీ ముసలాళ్ళని ఎగతాళి చేసి పదవి పోగొట్టుకున్నాడు. వాళ్ళు మళ్ళీ పిలిచి కూర్చోబెట్టాల్సి వచ్చింది. దాని అడుగున ఉన్న మంట ఇదే. ఆ ఆగస్టులో పారిస్‌లో ప్రపంచ బోర్డు ఆటని ‘ఓపెన్’ అని ప్రకటించింది. హడర్స్‌ఫీల్డ్ హోటలు సమావేశానికి సరిగ్గా వందేళ్ళు. ఇంగ్లండు బోర్డు ఇంకో ఏడాది ఆగుదామంది, అలవాటు మరి.

లెనర్డ్ అలా వడ్రంగి నుంచి జీతగాడయ్యాడు. 2003 నవంబర్ 22న సిడ్నీలో ఆస్ట్రేలియాతో ప్రపంచ కప్ ఫైనల్. ఇంగ్లండు స్క్రమ్ మీద రిఫరీ పదే పదే తప్పులు పట్టి పెనాల్టీలిస్తున్నాడు. అదనపు సమయంలో 35 ఏళ్ళ లెనర్డ్‌ని దింపారు. ఆయన చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఏమీ జరగకుండా చూడటం. స్క్రమ్ కూలలేదు, ఇంకో పెనాల్టీ రాలేదు. జానీ విల్కిన్సన్ కుడికాలితో కొట్టిన చివరి కిక్కుతో 20-17. అందరికీ గుర్తున్నది విల్కిన్సన్. ఊతకర్రని ఎవరు చూస్తారు, ఇల్లు పడిపోతే తప్ప.

డబ్బు వచ్చాక అంతా సర్దుకుందా అంటే అదీ లేదు. జీతం వచ్చింది కాబట్టి రోజూ సాధన, రోజూ ఢీకొట్టడం. ఆ ఫైనల్లో అదే ముందు వరసలో ఆడిన స్టీవ్ థాంప్సన్‌కి నలభైల్లోనే మతిమరుపు జబ్బు వచ్చింది. కప్పు గెలిచిన సంగతి తనకి గుర్తులేదని 2020 డిసెంబరులో బయటపెట్టాడు. ఇంకొందరు ఆటగాళ్ళతో కలిసి బోర్డుల మీద దావా వేశాడు. డూలీ తరానికి ఆట జీతమివ్వలేదు. థాంప్సన్ తరానికి ఇచ్చింది, బిల్లు తరవాత పంపింది.

మన దగ్గరికి డబ్బు ఇంకో దారిలో వచ్చింది. 2014లో ప్రో కబడ్డీ మొదలైంది, తెలుగు టైటాన్స్ అందులో ఒక జట్టు. 2023 వేలంలో టైటాన్స్ పవన్ సెహ్రావత్ కోసం 2 కోట్ల 60 లక్షలకి పైగా పెట్టింది. ఆ పవన్ కూడా రైల్వేస్ తరఫున జాతీయ పోటీలు ఆడినవాడే. కోట్లు వచ్చినా సర్కారు కొలువు అవసరం పోలేదన్నమాట. 2025 జూన్‌లో జీఎంఆర్ పేరు మీద రగ్బీ ప్రీమియర్ లీగ్ కూడా వచ్చింది. ఆరు జట్లలో ఒకటి హైదరాబాద్ హీరోస్. ఆటలన్నీ ముంబయిలోనే జరిగాయి. హైదరాబాదు పేరుతో రగ్బీ జట్టు ఉందన్న సంగతి మా మైదానంలో ఎవరికీ తెలిసినట్టు లేదు, నేను చెప్తే నవ్వారు.

2024లో సెప్టెంబరులో బాక్సర్ నిఖత్ జరీన్‌కీ, అక్టోబరులో బౌలర్ మహమ్మద్ సిరాజ్‌కీ రాష్ట్ర ప్రభుత్వం డీఎస్పీ పదవులిచ్చింది. సిరాజ్ ఆటో నడిపేవారి కొడుకు. ఆ తరవాతి నెలలోనే ఐపీఎల్ వేలంలో 12 కోట్ల 25 లక్షలు పలికాడు. ఆయనకి ఖాకీ అన్నం కోసం కాదు, గౌరవం కోసం. నూర్ మహమ్మద్ నాటి వరస తిరగబడింది. అయినా యూనిఫాం మారలేదు. పోలీసు బట్టలు వేసుకుని ఆయన దిగిన ఫొటో దిల్‌సుఖ్‌నగర్ పిల్లల ఫోన్లలో తిరగని రోజు లేదు ఆ నెలంతా.

కబడ్డీ కుర్రాడు మొన్న మళ్ళీ కనిపించాడు. 1600 మీటర్లు ఇప్పుడు సులువుగా పోతోందట, గుండే దూరం పడట్లేదట. “భుజం పాతదెబ్బ సార్, కబడ్డీల తగిలింది” అన్నాడు. ఆ సంగతి మెడికల్‌లో చెప్పొద్దని కోచింగ్ సార్ చెప్పాడట. లేచి, కుడిభుజాన్ని ఎడమచేత్తో ఒకసారి నొక్కుకుని, మళ్ళీ గుండు పట్టుకున్నాడు.